ఆరోగ్య సమితులలో రోగికి చోటెక్కడ? జిగణి నుండి ఒక పరిశీలన

ప్రభుత్వ పాఠశాల యాజమాన్య సంఘంలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది విద్యార్థుల తల్లిదండ్రులో, సంరక్షకులో అయి ఉండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండవలెనని కూడా అదే చట్టం చెప్పింది. ఇది ఏ అధికారి దయాదాక్షిణ్యాల మీదనో ఆధారపడిన ఏర్పాటు కాదు, పార్లమెంటు చేసిన శాసనం. ఐతే ఆ బడికి కూతవేటు దూరంలో ఉండే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం సంగతి వేరు. అక్కడ కూడా ఒక సమితి ఉన్నది. దానికి బ్యాంకు ఖాతా ఉన్నది. ఏటా కొంత నిధి వస్తుంది. సమావేశాలు జరుగుతాయి, లేదా జరిగినట్లు పుస్తకంలో వ్రాస్తారు. కాని ఆ సమితిలో అక్కడ వైద్యం పొందే కుటుంబాలకు ఇన్ని స్థానాలు ఇచ్చి తీరవలెనని చెప్పే పార్లమెంటు చట్టం నేటికీ లేదు. ఉన్నవన్నీ మార్గదర్శకాలు, ఉత్తర్వులు. వాటిని ఒక సర్క్యులర్‌తో మార్చవచ్చును.

ఈ వ్యత్యాసం పైకి చిన్నదిగా కనిపించినా దాని ఫలితం మన సరిహద్దు గ్రామాల కుటుంబాల మీద పడుతున్న తీరు చిన్నది కాదు. దీనిని జిగణిని ఉదాహరణగా తీసుకొని పరిశీలించడానికి కారణం ఉన్నది. బెంగళూరు నగర జిల్లా, ఆనేకల్ తాలూకాలోని ఈ ఊరికి ఒక వైపు బన్నేరుఘట్ట అడవి, మరొక వైపు పారిశ్రామిక వాడ. రహదారి పొడవునా గ్రానైట్ పలకలు కోసే యూనిట్లు, వాటి అంగళ్ళు. అత్తిబెలె మీదుగా పోతే రాష్ట్ర సరిహద్దు, అది దాటగానే తమిళనాడులోని హోసూరు. ఇంట తెలుగు, వీధిలో కన్నడం, సంతలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ తాలూకాలో తరతరాలుగా ఉన్నాయి. వారికి తోడు రాయలసీమ జిల్లాల నుండి పని కోసం వచ్చి ఇక్కడే నిలిచిపోయినవారు ఉన్నారు. వీరందరికీ జ్వరం వస్తే మొదట పోయేది దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికే. అక్కడ కుదరకపోతే ఆనేకల్ తాలూకా ఆసుపత్రి, అదీ దాటితే బెంగళూరు. ఒకప్పుడు గ్రామ పంచాయతీగా ఉన్న జిగణి నేడు పట్టణ స్థానిక సంస్థ. పల్లె పట్టణమైనప్పుడు పన్నులు, రోడ్లు, దీపాల సంగతి అందరూ మాట్లాడుకున్నారు. ఆరోగ్య సమితి ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తోచలేదు.

సమితులు ఎలా పుట్టాయి?

వైద్య వ్యవహారాలలో ఊరివారికి పాత్ర ఉండవలెననే ఆలోచన కొత్తది కాదు. స్వాతంత్ర్యానికి ముందు, 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ గ్రామ ఆరోగ్య సంఘాలను సిఫారసు చేసింది. 1978లో ఆల్మా ఆటాలో జరిగిన అంతర్జాతీయ సమావేశం తమ ఆరోగ్య సేవల ప్రణాళికలోనూ అమలులోనూ పాల్గొనడం ప్రజల హక్కు మాత్రమే కాక విధి కూడా అని ప్రకటించింది. ఈ ప్రకటనలు గ్రంథాలయాలలో ఉండిపోగా, ఆచరణలో సమితి పుట్టినది ఎలుకల వలన.

1994లో సూరత్ నగరంలో ప్లేగు భయం వ్యాపించినప్పుడు దేశంలోని పెద్ద ఆసుపత్రుల పరిశుభ్రత మీద అందరి దృష్టి పడింది. మధ్యప్రదేశ్‌లోని ఇందూరు మహారాజా యశ్వంతరావు ఆసుపత్రి ఎలుకల నిలయంగా మారి ఉన్నది. జిల్లా యంత్రాంగం పౌరుల విరాళాలు, సహకారం తీసుకొని రోగులను ఇతర చోట్లకు తరలించి, ఆసుపత్రిని ఖాళీ చేయించి శుభ్రపరచింది. ఆ పని ముగిసిన తరువాత ఆసుపత్రిని మళ్ళీ పాత స్థితికి పోనీయకుండా కాపాడడానికి ఏర్పడినదే రోగి కల్యాణ సమితి. ఆ పద్ధతి ఆ రాష్ట్రమంతటా వ్యాపించింది. 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రారంభమైనప్పుడు అది దేశవ్యాప్తమైనది.

ఇక్కడ ఒక సంగతి గమనించవలసి ఉన్నది. సమితి పుట్టుకలోనే దాత ఉన్నాడు. విరాళం ఇచ్చినవారికి సభ్యత్వం ఇవ్వవచ్చునని మొదటి మార్గదర్శకాలు చెప్పాయి. ఎమ్మెల్యే, పంచాయతీ ప్రతినిధి, వైద్యాధికారి, స్వచ్ఛంద సంస్థ, దాత అందరూ ఆ జాబితాలో ఉన్నారు. వైద్యం పొందేవాడు మాత్రం వీరిలో ఎవరో ఒకరి ద్వారా మాట్లాడవలసినవాడే తప్ప స్వయంగా కూర్చొనేవాడు కాదు. బడికి పంకా ఇచ్చిన పెద్దమనిషిని సన్మానిస్తాము, శిలాఫలకం మీద పేరు చెక్కిస్తాము. అంతమాత్రాన ఆయనను తల్లిదండ్రుల స్థానంలో కూర్చోబెట్టము కదా.

మన పాఠకులు మూడు రాష్ట్రాల ఆసుపత్రులకు వెళుతుంటారు కనుక పేర్ల విషయం చెప్పడం అవసరం. కర్ణాటకలో దీనిని ఆరోగ్య రక్షా సమితి అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రి అభివృద్ధి సంఘం. తమిళనాడులో నోయాళర్ నల సంఘం, అనగా రోగుల సంక్షేమ సంఘం. పేరు ఏదైనా మూలం ఒక్కటే. గ్రామ స్థాయిలో ఉండేది వేరొక సంఘం. మొదట అది గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య సంఘం. 2011లో పోషణ అనే మాట కూడా చేరింది. ఈ గ్రామ సంఘంలో కనీసం 15 మంది ఉండవలెనని, సగం మంది స్త్రీలు కావలెనని, పంచాయతీ సభ్యురాలు అధ్యక్షత వహిస్తే మేలని, ఆశా కార్యకర్త సభ్య కార్యదర్శిగా ఉండవలెనని 2013 నాటి మార్గదర్శకాలు చెప్పాయి. నిజం చెప్పవలెనంటే కాగితం మీద ఈ గ్రామ సంఘమే అన్నింటిలోకి మేలైనది. అందులో ఊరివారు ఉన్నారు.

ఇక నిధుల లెక్క. మిషన్ ప్రారంభ కాలపు ప్రమాణాల ప్రకారం గ్రామ సంఘానికి ఏడాదికి 10,000 రూపాయలు. అనగా ఊరి మొత్తానికి రోజుకు 27 రూపాయలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి షరతులు లేని నిధి 25,000, నిర్వహణకు 50,000, సమితి మూలనిధికి ఒక లక్ష, వెరసి 1,75,000 రూపాయలు. మైదాన ప్రాంతంలో ఒక ప్రాథమిక కేంద్రం 30,000 జనాభాకు సేవ చేయవలెనన్నది ప్రమాణం. భాగించి చూస్తే మనిషికి ఏడాదికి ఆరు రూపాయలు కూడా రాదు. ఇంత స్వల్ప ధనానికి ఇంత చర్చ ఎందుకని ఎవరైనా అడుగవచ్చును. కాని పాము కాటుకు మందు తెప్పించాలన్నా, కాన్పు గదిలో నీటి పంపు బాగుచేయించాలన్నా, రాత్రిపూట దీపం వెలిగించే బ్యాటరీ కొనాలన్నా పైనుండి మంజూరు కోసం చూడకుండా వెంటనే ఖర్చు పెట్టగలిగినది ఈ డబ్బే. దేనికి ఖర్చు పెట్టాలో నిర్ణయించేది ఆ సమితే. వరండాకు రంగు వేయించడం ముందా, స్త్రీల మరుగుదొడ్డికి తలుపు పెట్టించడం ముందా అన్న ప్రశ్నకు, ఆ మరుగుదొడ్డిని వాడవలసిన స్త్రీ సభలో ఉంటే వచ్చే సమాధానం వేరు, లేకుంటే వచ్చే సమాధానం వేరు.

డబ్బు ఎల్లప్పుడూ స్వల్పమే అనుకొనడానికి కూడా వీలులేదు. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-22 నుండి 2025-26 వరకు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి ఖర్చు చేయడానికి దేశం మొత్తం మీద 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. భవనం లేని ఉపకేంద్రాలకు భవనాలు, పట్టణాలలో కొత్త ఆరోగ్య కేంద్రాలు అందులోనివే. ఇంత పెద్ద మొత్తం స్థానిక సంస్థల దారిన వచ్చినప్పుడు స్థానికులు లెక్క అడిగే చోటు ఏది అన్నదే మన ప్రశ్న.

ఖాళీ కుర్చీలు

సమితిలో ప్రజల స్థానం చాలావరకు పదవిని బట్టి వచ్చేది. తాలూకా పంచాయతీ సభ్యుడు, జిల్లా పంచాయతీ సభ్యురాలు పదవిరీత్యా సభ్యులు. కర్ణాటకలో 2021లో జిల్లా, తాలూకా పంచాయతీల గడువు ముగిసింది. తరువాత ఎన్నికలు ఏళ్ళ తరబడి వాయిదా పడుతూ వచ్చాయి. సరిహద్దులు గీయడం, రిజర్వేషన్లు, కోర్టు వ్యాజ్యాలు అంటూ కారణాలు అనేకం చెప్పారు. ఆ కాలమంతా ఎన్నికైనవారే లేనప్పుడు పదవిరీత్యా కూర్చొనేవారు ఎక్కడ నుండి వస్తారు? సమితిలో మిగిలినది అధికారులు, నామినేటైనవారు. ఈ విషయం మీద పత్రికలలో వచ్చిన చర్చ అంతా పార్టీల లాభనష్టాల గురించే సాగింది. ఆసుపత్రి సమితులలో ఖాళీ అయిన కుర్చీల గురించి వ్రాసినవారు అరుదు.

ఉన్న సభ్యుల పరిస్థితి కూడా చెప్పుకోదగినది కాదు. మా బడికి పిల్లలను దింపడానికి వచ్చే ఒక తల్లి తాను ఊరి ఆరోగ్య సంఘంలో సభ్యురాలినన్న సంగతి ఒక సంతకం కోసం ఇంటికి పుస్తకం వచ్చినప్పుడు తెలుసుకొన్నది. ఆమె తెలుగు చదువగలదు, కన్నడం మాట్లాడగలదు, కన్నడం చదువలేదు. పుస్తకంలో వ్రాసినది కన్నడంలో. ఏమి వ్రాశారో అడిగితే "మామూలేనమ్మా" అన్నారట. ఆమె సంతకం చేసింది. ఇటువంటి మామూలు సంతకాల మీద ఎన్ని ఊళ్ళ ఆరోగ్యం నడుస్తున్నదో!

ఇది ఒక్క జిగణి పరిసరాల కథ కాదు. సరిహద్దుకు ఆ వైపున హోసూరు, తళి ప్రాంతాలలో ఇదే తెలుగు తల్లికి తమిళ పుస్తకం ఎదురవుతుంది. కుప్పం వైపు వెళితే తమిళం మాట్లాడే ఇల్లాలికి తెలుగు పుస్తకం. భాషా అల్పసంఖ్యాకుల విషయంలో 1961లో ముఖ్యమంత్రుల సమావేశంలో ఒక ఒప్పందం కుదిరింది. ఒక జిల్లా, తాలూకా లేక పురపాలక సంఘంలో 15 శాతానికి తక్కువ కాకుండా ఉన్నవారి భాషలో కూడా ముఖ్యమైన ప్రకటనలు, నియమాలు ప్రచురించవలెనన్నది అందులో ఒక అంశం. అరవై ఏళ్ళు దాటిన ఈ ఒప్పందాన్ని ఆసుపత్రి గోడకు అన్వయించిన దాఖలా మన కంటికి ఆనదు. పరభాషా ద్వేషంతో ఈ మాట చెప్పడం లేదు. కన్నడం రాష్ట్ర భాష, దానిని నేర్చుకొనడం ఇక్కడ నివసించేవారి కర్తవ్యం. రెండు భాషలలోనూ పాఠం చెప్పుకొని బ్రతుకుతున్న ఉపాధ్యాయునిగా ఆ విషయంలో నాకు సందేహం లేదు. కాని నలభై ఏళ్ళ ఇల్లాలు కన్నడ లిపి నేర్చుకొనేదాకా ఆమె కాన్పు గది తలుపు ఆగదు.

పల్లె పట్టణమైతే ఏమి పోతుంది?

ఇక జిగణిని ప్రత్యేకంగా తాకే అంశానికి వద్దాము. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన విషయాలను పదకొండవ షెడ్యూలులో చేర్చింది. అందులో 23వ అంశం ఆరోగ్యం, పారిశుద్ధ్యం; ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, డిస్పెన్సరీలు అందులో భాగమని స్పష్టంగా పేర్కొన్నారు. అదే సమయంలో 74వ సవరణ ద్వారా పురపాలక సంఘాల కోసం పన్నెండవ షెడ్యూలు వచ్చింది. అందులో 6వ అంశం ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ. ఆసుపత్రి అన్న మాట లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్న మాట లేదు. రాజ్యాంగంలో ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, గ్రామ పంచాయతీ పురపాలక సంఘమైన నాడు ఊరివారి చేతినుండి ఏమి జారిపోతుందో అర్థమవుతుంది. చెత్తబండి మీద మాట్లాడే హక్కు మిగులుతుంది; వైద్యుని మీద మాట్లాడే హక్కు పలచబడుతుంది.

గ్రామ ఆరోగ్య సంఘం రెవెన్యూ గ్రామాన్ని, గ్రామ పంచాయతీని పట్టుకొని ఉన్నది. పంచాయతీయే లేకుండా పోయినప్పుడు దానికి కొమ్మ లేదు. పట్టణాల కోసం 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చింది. దాని క్రింద మహిళా ఆరోగ్య సమితులు ఉన్నాయి. 50 నుండి 100 ఇళ్ళకు ఒక సమితి, 10 నుండి 12 మంది స్త్రీలు, ఏడాదికి 5,000 రూపాయలు. వినడానికి బాగానే ఉన్నది. కాని ఈ మిషన్ ప్రధానంగా 50,000కు పైబడిన జనాభా గల పట్టణాలను, జిల్లా కేంద్రాలను ఉద్దేశించినది. అంతకు తక్కువ గల పట్టణాలు గ్రామీణ మిషన్ పరిధిలోనే ఉంటాయి. అనగా ఊరు పాలనకు పట్టణం, వైద్యానికి పల్లె. ఆ పల్లె సంఘానికి మూలమైన పంచాయతీ లేదు. పైగా పారిశ్రామిక వాడల చుట్టూ పెరిగిన ఊళ్ళలో 2011 జనగణన అంకెను పట్టుకొని జనాభా నిర్ణయించడం ఎంతవరకు సబబో పాఠకులే ఆలోచించవచ్చును. వరుస గదులలో అద్దెకుండే కార్మిక కుటుంబాలు ఆ అంకెలో ఎక్కడ ఉన్నాయి?

2020లో కేంద్రం జన ఆరోగ్య సమితులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఉపకేంద్ర స్థాయిలో సర్పంచు అధ్యక్షుడు, ప్రాథమిక కేంద్రపు వైద్యాధికారి సహాధ్యక్షుడు, అక్కడి సామాజిక ఆరోగ్య అధికారి సభ్య కార్యదర్శి. ఆరోగ్య స్వస్థతా కేంద్రాలకు 2023లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు మార్చారు. పేర్లు మారుతున్నంత వేగంగా సభ్యులకు సమాచారం అందితే ఎంత బాగుండును!

కాన్పుకు పుట్టింటికి వచ్చే ఆడపిల్ల

సరిహద్దు కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. మొదటి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి రావడం మన ఆచారం. జిగణిలో కాపురమున్న పిల్ల ఏడవ నెలలో హోసూరుకో, మదనపల్లెకో, హిందూపురానికో వెళుతుంది. లేదా అక్కడి కోడలు ఇక్కడి పుట్టింటికి వస్తుంది. కర్ణాటకలో నమోదైన గర్భిణికి తాయి కార్డు ఇస్తారు. టీకాలు, రక్త పరీక్షలు, ఇనుము మాత్రలు అన్నీ అందులో వ్రాసి ఉంటాయి. ఆమె సరిహద్దు దాటగానే ఆ కార్డును అక్కడి నర్సమ్మ చదువలేకపోవచ్చును. ఆమె ఏ గ్రామ సంఘం లెక్కలో ఉన్నది? అత్తవారి ఊరి ఆశా కార్యకర్త జాబితాలో పేరు ఉన్నది, మనిషి లేదు. పుట్టింటి ఊరిలో మనిషి ఉన్నది, పేరు లేదు. సంఘంలో ఈ విషయం తెలిసిన ఒక్క అమ్మ కూర్చొని ఉంటే, "ఈ నెల మన ఊరికి కాన్పుకు వచ్చిన ఆడపిల్లలు ఎందరు?" అని మొదట అడుగుతుంది. నామినేటైన పెద్దమనిషికి ఆ ప్రశ్న తట్టదు. తట్టనందుకు ఆయనను నిందించి ప్రయోజనం లేదు, ఆయన అనుభవంలో అది లేదు.

కార్మికుల విషయానికి వస్తే చట్టం ఏమి చేయగలదో తెలుస్తుంది. 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం కార్పొరేషనులో యజమానుల ప్రతినిధులు, కార్మికుల ప్రతినిధులు సమాన సంఖ్యలో ఉండవలెనని నిర్ణయించింది. తన జీతం నుండి చందా కట్టేవాడికి సభలో చోటు ఉండవలెనన్న న్యాయాన్ని స్వతంత్ర భారతం తొలి రోజులలోనే అంగీకరించింది. ఢిల్లీలో కూర్చొనే ఆ ప్రతినిధి జిగణి గ్రానైట్ యూనిట్‌లో పలక కోసే మనిషికి ఎంత దూరమన్నది వేరే మాట. పైగా గుత్తేదారు వద్ద రోజుకూలీకి పనిచేసే అనేకులు ఆ పథకంలో లేరు. వారికి రాతి ధూళి వలన ఊపిరితిత్తులు చెడితే దిక్కు ప్రభుత్వ కేంద్రమే. సిలికోసిస్‌ను యాజమాన్యం, వైద్యుడు తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో ఫ్యాక్టరీల చట్టం అదే 1948లో చేర్చింది. దగ్గుతో వచ్చిన రాతి కూలీకి క్షయ మందు వ్రాసి పంపుతున్నారా, ఎక్స్‌రే తీయిస్తున్నారా అని అడిగే మనిషి స్థానిక సమితిలో ఉండాలా వద్దా?

ఇతర దేశాల వారు ఏమి చేశారు?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఆర్కస్ అనే చిన్న ద్వీపం ఉన్నది. వంతెన లేదు, పడవలో పోవలెను. వైద్యశాల నడవడం కష్టమైనప్పుడు ద్వీపవాసులు 2018లో ఓటు వేసి ప్రజా ఆరోగ్య జిల్లాను ఏర్పాటు చేసుకొన్నారు. ఆ రాష్ట్రంలో 1945 నుండి ఇటువంటి ఏర్పాటుకు చట్టం ఉన్నది. బోర్డు సభ్యులను ఓటర్లే ఎన్నుకొంటారు. ఆ బోర్డు ఆస్తిపన్ను విధించగలదు, వైద్య సంస్థలతో ఒప్పందం చేసుకొనగలదు. నచ్చకపోతే ఓటర్లు తరువాతి ఎన్నికలో దించివేయగలరు. రైతు, విశ్రాంత ఉద్యోగి, దుకాణదారు ఎవరైనా నిలబడవచ్చును. మన సమితులకు అంతటి అధికారం రావాలని కోరడం అత్యాశే కావచ్చు. కాని సభ్యుడిని దించగల శక్తి ఎవరి చేతిలో ఉన్నదో, సభ్యుడు వారి మాటే వింటాడన్న నీతి అక్కడికీ ఇక్కడికీ ఒక్కటే.

బ్రెజిల్ దేశం మరొక దారి పట్టింది. 1990 డిసెంబరు నాటి చట్టంతో అక్కడ ప్రతి స్థాయిలో ఆరోగ్య మండళ్ళు ఏర్పడి, వాటిలో సేవ పొందేవారి ప్రతినిధులకు మిగిలిన వర్గాలన్నింటితో సమానమైన సంఖ్య, అనగా సగం స్థానాలు లభించాయి. మన విద్యాహక్కు చట్టానికి దగ్గరి పద్ధతి ఇది. న్యూజిలాండ్ అనుభవం మాత్రం హెచ్చరిక వంటిది. 2000 నాటి చట్టం ప్రకారం అక్కడి జిల్లా ఆరోగ్య బోర్డులలో ఏడుగురు ఎన్నికైన సభ్యులు, నలుగురి వరకు నియమితులు ఉండేవారు. ఎన్నికలలో ఓటు వేసేవారు తగ్గారు, బోర్డులు అప్పులలో పడ్డాయి, జిల్లాకొక తీరుగా సేవలు సాగాయి. 2022 జులై 1న ఆ బోర్డులను రద్దు చేసి కేంద్ర సంస్థను ఏర్పాటు చేశారు. ఎన్నిక ఒక్కటే సర్వరోగ నివారిణి కాదని దీనివలన తేలుతున్నది.

వైద్యుల పక్షాన కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. సమితిలో ఊరివారు చేరితే రాజకీయం చేరుతుందని, మందుల కొనుగోలులో ఫలానా దుకాణానికే ఇవ్వమని ఒత్తిడి వస్తుందని, ఆడిట్‌లో తప్పు వస్తే జవాబు చెప్పవలసినది మాత్రం సంతకం చేసిన వైద్యాధికారేనని వారి బాధ. ఇది కల్పితం కాదు. నిధి ఖర్చు పెడితే ఆడిట్ ప్రశ్న, పెట్టకపోతే మిగులు ఎందుకని పైవారి ప్రశ్న. అందుచేత కొందరు ఏడాది చివర ఒకేసారి రంగులు, కుర్చీలు కొని లెక్క ముగిస్తారు. ఐతే ఈ బాధకు మందు సమితిని మూసివేయడం కాదు. ఒత్తిడి నాలుగు గోడల మధ్య జరుగుతుంది. తీర్మానాలు గోడకు అతికించిన చోట దాని బలం తగ్గుతుంది. డాక్టర్ సుదర్శన్ అధ్యక్షతన కర్ణాటక ప్రభుత్వం నియమించిన ఆరోగ్య టాస్క్‌ఫోర్స్ 2001లో ఇచ్చిన నివేదికలో అవినీతిని ఆరోగ్య వ్యవస్థ జబ్బులలో ఒకటిగా నిర్మొహమాటంగా లెక్కించింది. వైద్యులే ఆ మాట చెప్పారన్నది మరువరాదు.

పని చేసిన ఉదాహరణ మన చెంతనే ఉన్నది. 2007 నుండి 2009 వరకు 9 రాష్ట్రాలలో ఆరోగ్య సేవలపై ప్రజా పర్యవేక్షణ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. కర్ణాటక, తమిళనాడు ఉన్నాయి. కర్ణాటకలో తెలుగువారికి పరిచితమైన రాయచూరు, తుమకూరు జిల్లాలు కూడా అందులో భాగం. ఊరివారు తమ ఆరోగ్య కేంద్రానికి మార్కులు వేశారు. అక్షరం రానివారికి కూడా తెలిసేలా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులలో ఫలితం చూపారు. తరువాత వైద్యాధికారుల సమక్షంలో బహిరంగ సభలో ఆ పట్టిక చదివారు. ఇది ప్రయోగంగానే మిగిలిపోయిన చోట్లు అనేకం. కాని పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చేసే తల్లి ఆసుపత్రి ప్రోగ్రెస్ కార్డు కూడా వ్రాయగలదని అది నిరూపించింది.

పాఠశాలల విషయంలో ఈ దారి ఎలా ఏర్పడిందో గుర్తుచేసుకొంటే మంచిది. కర్ణాటకలో 2001లో ప్రభుత్వ ఉత్తర్వుతో శాలాభివృద్ధి సమితులు వచ్చాయి. మొదట అదీ ఉత్తర్వే. తల్లిదండ్రులు అలవాటు పడ్డారు, పోట్లాడారు, హెడ్మాస్టర్లతో తగువులు వచ్చాయి, కొన్ని చోట్ల పార్టీలు కూడా చొరబడ్డాయి. 2009లో చట్టం రావడంతో ఆ స్థానం హక్కు అయినది. 2024 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాల యాజమాన్య కమిటీలకు ఎన్నికలు జరిగినప్పుడు పల్లెలలో ఎంత సందడి కనిపించిందో సరిహద్దువాసులకు తెలుసు. ఆసుపత్రి సమితికి అటువంటి ఎన్నిక రోజు ఒక్కటి కూడా మన క్యాలెండరులో లేదు. వార్డు సభలో గాని, గ్రామ సభలో గాని చేతులెత్తి ఇద్దరు తల్లులను, ఒక రోజుకూలీని ఎన్నుకొని పంపే పద్ధతి పెట్టడానికి కోట్ల రూపాయలు అక్కరలేదు. ఒక నియమం మారితే చాలును. శిక్షణ శిబిరాల కంటే, గోడ మీద నినాదాల కంటే ముందు కావలసినది ఇదేనని నా అభిప్రాయం.

ఆ నియమం మారేలోగా చేయదగిన పని కూడా ఒకటి ఉన్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేయవచ్చును. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి ఆ రుసుము కూడా లేదు. మీ కేంద్రపు సమితి సభ్యుల పేర్లు, ప్రతి ఒక్కరూ ఏ ప్రాతిపదికన సభ్యులయ్యారు, గత మూడేళ్ళలో ఎన్ని సమావేశాలు జరిగాయి, తీర్మానాల నకళ్ళు, ఖర్చుల వివరం అడగండి. చిత్తూరు, అనంతపురం వైపువారు తెలుగులో వ్రాయవచ్చును. జిగణి, ఆనేకల్ వైపువారు కన్నడంలోనో ఇంగ్లీషులోనో వ్రాయవలెను. హిందీ కూడా చెల్లుతుంది, తెలుగు చెల్లదు. కర్ణాటక నియమాల ప్రకారం దరఖాస్తు ఒకే విషయం మీద, 150 మాటలు మించకుండా ఉండాలి. ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఉంటే ఆమె చేత కన్నడంలో వ్రాయించుకొనవచ్చు. వైద్యాధికారి కార్యాలయంలో ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకొని, ముప్పై రోజులు లెక్కపెట్టండి.